ట్రాన్స్‌పోజ్ సున్నా మీద పెట్టి మొదలుపెట్టండి

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. అమలాపురం దగ్గర పల్లెటూరు. ఎరువుల కొట్లో పనిచేస్తాను. ఆదివారం మా చర్చిలో కీబోర్డు వాయిస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, విని పట్టుకున్నదే. అన్ని పాటలూ ‘సి’లోనే వాయిస్తాను. పాడేవాళ్ల శ్రుతిని బట్టి ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుకుంటాను. మొన్న పక్క ఊరి మీటింగులో వేరేవాళ్ల కీబోర్డు ఇచ్చారు. దాంట్లో ట్రాన్స్‌పోజ్ ఎక్కడుందో దొరకలేదు. అందరి ముందూ చేతులు ఆడలేదు. అప్పటినుంచి మ్యూజిక్ థియరీ నేర్చుకోవాలని పట్టుదల వచ్చింది. ఫీజు కట్టే స్తోమత లేదు. ఫోన్లో ఏడెనిమిది యాప్‌లు వేశాను. ఒకదాంట్లో సరిగమ, ఒకదాంట్లో ఎ బి సి, ఇంకోదాంట్లో డో రే మి. యూట్యూబ్‌లో ఎన్ని చూసినా ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండటం లేదు. నా ఇంగ్లిష్ అంతంతమాత్రం. థియరీ నేర్చుకుంటే చెవి పాడవుతుందని మా పెద్దాయన ఒకరు అంటున్నారు. నిజమేనా? ఉచితంగా, ఇంట్లోనే నేర్చుకోవడం అయ్యే పనేనా? ఎక్కడ మొదలుపెట్టాలి? ఎన్నాళ్లు పడుతుంది? నా పాత 61 కీల కీబోర్డు సరిపోతుందా?
– పేరు వద్దన్న పాఠకుడు, కోనసీమ

సమాధానం: అయ్యే పనే. పైసా ఖర్చు లేకుండా అవుతుంది.

ముందు మీ పెద్దాయన మాట సంగతి చూద్దాం. థియరీ వల్ల చెవి పాడవదు. చెవితో పనిపెట్టకుండా కాగితం మీదే చదివితే ఆ చదువు వాయించేటప్పుడు అక్కరకు రాదు, అంతే. పుస్తకం తీసేస్తే నాలుగు ముక్కలు వాయించలేని వాళ్లను చూసి ఆయన ఆ మాట అని ఉంటారు. మీ పరిస్థితి పూర్తిగా వేరు. పాట వినగానే ఎక్కడ ‘ఎఫ్’ పడాలో, ఎక్కడ ‘జి’ పడాలో మీ చెయ్యి దానంతట అదే వెతుక్కుంటోంది. ఏళ్ల తరబడి ఫీజులు కట్టినవాళ్లలో కూడా చాలామందికి అది పట్టుబడదు. మీ చెవికి తెలిసిన విషయానికి లెక్క ఏమిటో మీకు ఎవరూ చెప్పలేదు. ఆ లెక్కనే థియరీ అంటారు.

ఇవాళ చేయాల్సింది ఒకటుంది. ఆ యాప్‌లన్నీ తీసేయండి. రెండే ఉంచుకోండి. మొదటిది యాప్ కూడా కాదు, మ్యూజిక్‌థియరీ డాట్ నెట్ అనే వెబ్‌సైటు. ఫోన్ బ్రౌజర్‌లో తెరిస్తే పాఠాలూ అభ్యాసాలూ ఉచితం, అకౌంటు తెరవక్కర్లేదు. టెనూటో అని వాళ్లదే ఒక యాప్ ఉంది, దానికి డబ్బు కట్టాలి. మీకు దాంతో పని లేదు. రెండోది ఏదైనా ఉచిత తంబురా యాప్. లయ తప్పకుండా టక్ టక్ అని కొట్టే మెట్రోనోమ్ కోసం వేరే యాప్ వెతక్కండి. గూగుల్‌లో ఆ మాట ఇంగ్లిష్‌లో కొడితే సెర్చ్ పేజీలోనే వచ్చేస్తుంది.

యూట్యూబ్ వీడియోలు చెడ్డవని నేను అనను. కొన్ని చాలా బాగుంటాయి. కానీ అక్కడ ఎవరి వరస వాళ్లది. పైగా వీడియో మిమ్మల్ని ఎదురు ప్రశ్న అడగదు. చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, కీబోర్డు ముందు కూర్చుంటే ఒక్కటీ గుర్తుకురాదు. అభ్యాసం పేజీ అలా వదిలిపెట్టదు. ప్రశ్న అడుగుతుంది, తప్పు కొడితే అప్పుడే చెబుతుంది, ఎన్ని ఒప్పో ఎన్ని తప్పో లెక్క చూపిస్తుంది. మొదటి మూడు నెలలూ వీడియోలు పక్కన పెట్టండి.

ట్రాన్స్‌పోజ్ సంగతి. ఆదివారం ఆరాధనలో హాయిగా వాడుకోండి. అక్కడ పాట సాగడం ముఖ్యం. మీ సాధన కోసం పాడేవాళ్లను ఇబ్బంది పెట్టకూడదు. ఇంట్లో మాత్రం దాన్ని సున్నా మీద పెట్టి వదిలేయండి. మీరు ఇన్నాళ్లూ సి నేర్చుకున్నారు, మిగతా పదకొండు శ్రుతులనూ యంత్రం చూసుకుంది. ఇప్పుడు ఆ పని మీరు తీసుకోవాలి.

ఇక సరిగమ, ఎ బి సి, డో రే మి గొడవ. సి, డి, ఇ అనేవి ఇంటి నంబర్ల లాంటివి. కీబోర్డు మీద ఏ మెట్టుకు ఏ పేరో అది మారదు. స, రి, గ అలా కాదు. పాడేవాళ్లు ఎక్కడ కూర్చుంటే అదే స. పాస్టర్ గారు డి నుంచి ఎత్తుకుంటే డి యే స అవుతుంది, ఇ రి అవుతుంది (పూర్తి పేరు చతుశ్రుతి రి). డో రే మి సంగతి ఇంకా చిక్కు. ఫ్రాన్స్, ఇటలీ లాంటి చోట్ల డో అంటే ఎప్పుడూ సి యే. ఇంకొన్ని పద్ధతుల్లో మన స లాగా కదులుతుంది. అందుకే మీ యాప్‌లలో పొంతన కుదరలేదు. డో రే మి ఉన్నదాన్ని వదిలేయండి. మెట్ల పేర్లు ఎ బి సి లో, పాటలో స్థానాలు సరిగమలో పెట్టుకుంటే మీకు రెండూ పనికొస్తాయి, ఒకదానికొకటి అడ్డురావు.

మన దగ్గర పాడేవాళ్లు ‘ఒకటిన్నర’, ‘నాలుగు’, ‘ఐదున్నర’ అని శ్రుతి చెబుతుంటారు కదా. అదీ ఇక్కడే తేలిపోతుంది. ఒకటి అంటే సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఎ, ఏడు బి. మధ్యలో ఉన్న నల్ల మెట్లు అరలు. ఒకటిన్నర అంటే సి షార్ప్, అంటే సి కి పైన ఆనుకున్న నల్ల మెట్టు. ఐదున్నర అంటే జి షార్ప్. మూడున్నర శ్రుతి అని ఎవరి నోటా రాదు, గమనించారా? ఇ కీ ఎఫ్ కీ మధ్య నల్ల మెట్టు లేదు. ఈ చిన్న విషయంలోనే సగం థియరీ ఉంది.

ఎందుకంటే మేజర్, మైనర్, కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాల గుంపులు), రాగాలు అన్నిటికీ మూలం స్వరాల పేర్లలో లేదు, స్వరాల మధ్య దూరాల్లో ఉంది. తెలుపా నలుపా అని చూడకుండా, ఒక మెట్టు నుంచి దాన్ని ఆనుకున్న మెట్టుకు దూరం ఒకటి. దీన్నే సైట్‌లో హాఫ్ స్టెప్ అంటారు. అలాంటివి రెండు కలిస్తే హోల్ స్టెప్. ఇప్పుడు సి నుంచి పై సి దాకా తెల్ల మెట్లన్నీ వాయిస్తూ దూరాలు లెక్కపెట్టండి. రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి. ఇది మేజర్ స్కేల్. స్వరస్థానాలు చూస్తే మన శంకరాభరణం, 29వ మేళకర్త.

ఇదే వరసను డి నుంచి కట్టండి. డి మీద వేలు పెట్టండి. రెండు దూరాలు ఎక్కితే ఇ. మళ్లీ రెండు ఎక్కాలి. ఇక్కడే మీ చెయ్యి అలవాటుగా పక్కనున్న తెల్ల మెట్టు మీదికి, అంటే ఎఫ్ మీదికి పోతుంది. కానీ ఇ నుంచి ఎఫ్‌కి ఉన్నది ఒక్క దూరమే. రెండు కావాలంటే ఎఫ్ షార్ప్ నొక్కాలి. అక్కడినుంచి ఒకటి, జి. రెండు, ఎ. రెండు, బి. మళ్లీ రెండు కావాలి. సి కాదు, సి షార్ప్. ఒకటి ఎక్కితే పై డి. డి మేజర్‌లో రెండు షార్ప్‌లు ఉంటాయని పుస్తకాల్లో బట్టీ పట్టించే విషయం ఇదే. మీరు లెక్కపెట్టి కనుక్కున్నారు కాబట్టి ఇక మర్చిపోరు. వేళ్లు కూడా మొదటినుంచే సరిగ్గా పడనివ్వండి. కుడిచేతి బొటనవేలు డి, చూపుడు వేలు ఇ, మధ్యవేలు ఎఫ్ షార్ప్, తర్వాత బొటనవేలిని కిందనుంచి తెచ్చి జి మీద పెట్టి, మిగతావి వరసగా. సి, జి, ఎ, ఇ మేజర్లకు కూడా కుడిచేతికి ఇదే పద్ధతి.

ఒక వారం అన్ని మెట్ల నుంచీ ఇలా కట్టి చూడండి, తొందరపడకుండా. ఒక విషయం మీకే కనిపిస్తుంది. సి లో షార్ప్‌లు లేవు. దాని పంచమం (ప) జి ని స చేస్తే ఒక షార్ప్. జి కి పంచమం డి, దాన్ని స చేస్తే రెండు. డి కి పంచమం ఎ, మూడు. అటువైపు కాకుండా మధ్యమం (మ) వైపు వెళితే ఫ్లాట్లు, అంటే ఒక దూరం కిందికి దిగిన స్వరాలు, పెరుగుతాయి. సి కి మధ్యమం ఎఫ్, ఒక ఫ్లాట్. ఎఫ్ కి మధ్యమం బి ఫ్లాట్, రెండు. సర్కిల్ ఆఫ్ ఫిఫ్త్స్ అని గుండ్రటి బొమ్మ వేసి చూపిస్తే టెన్షన్ పడే విషయం ఇంతే.

అప్పుడు సైట్ తెరవండి. లెసన్స్ విభాగంలో ‘స్టెప్స్ అండ్ యాక్సిడెంటల్స్’, ‘ద మేజర్ స్కేల్’, ‘స్కేల్ డిగ్రీస్’, ‘కీ సిగ్నేచర్స్’ అనే పాఠాలు వరసగా చూడండి. ఒక్కో అడుగుకూ రెండు మూడు వాక్యాలూ ఒక బొమ్మా ఉంటాయి. బటన్ నొక్కితే తర్వాతి అడుగు. చేత్తో చేసిందే మళ్లీ చదువుతున్నారు కాబట్టి ఇంగ్లిష్ అంతంతమాత్రమైనా అర్థమవుతుంది. తెలియని పదం వస్తే నోటు పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకుని, పక్కన కీబోర్డు మీద అది ఏమిటో రాసుకోండి. ఒక ముప్ఫై పదాలకు మించి రావు, అవే తిరిగి తిరిగి వస్తాయి.

అభ్యాసాల పేజీలో సెట్టింగ్స్ గుర్తు ఉంటుంది. దాన్ని తప్పకుండా వాడుకోండి. అన్ని కీలూ (అంటే శ్రుతులూ) ఒకేసారి అడగనివ్వొద్దు. ముందు సి, జి, ఎఫ్, డి మాత్రమే. పదికి తొమ్మిది సరిగ్గా వస్తున్నప్పుడు ఇంకొకటి చేర్చండి.

ఇప్పుడు మీకు బాగా తెలిసిన కార్డ్స్ దగ్గరికి వద్దాం. సి కార్డ్ అంటే సి, ఇ, జి. సి నుంచి ఇ కి నాలుగు దూరాలు, ఇ నుంచి జి కి మూడు. నాలుగు, మూడు వస్తే మేజర్. డి మైనర్ అంటే డి, ఎఫ్, ఎ. ఇక్కడ మూడు, నాలుగు. అది మైనర్. ఎక్కడినుంచి మొదలుపెట్టినా ఇంతే. తెల్ల మెట్ల మీద ఒకటి వదిలి ఒకటి నొక్కుతూ పోతే సి మేజర్, డి మైనర్, ఇ మైనర్, ఎఫ్ మేజర్, జి మేజర్, ఎ మైనర్ వస్తాయి. చివరగా బి దగ్గర మూడు, మూడు వస్తుంది. అది డిమినిష్డ్. ఈ క్రమం ఏ శ్రుతిలోనైనా మారదు. ఒకటి, నాలుగు, అయిదు మేజర్. రెండు, మూడు, ఆరు మైనర్. ఏడు డిమినిష్డ్. డి లో అయితే ఒకటి డి, నాలుగు జి, అయిదు ఎ, ఆరు బి మైనర్.

మీ మీటింగు కష్టానికి మందు ఇక్కడ ఉంది. మీరు వాయించే పాటలకు ఇకనుంచి కార్డ్స్ పేర్లు రాయొద్దు, నంబర్లు రాయండి. పల్లవికి సి, ఎఫ్, జి, సి అని ఉంటే 1, 4, 5, 1 అని రాయండి. చరణంలో ఎ మైనర్ వస్తే 6. అప్పుడు పాట ఏ శ్రుతిలో ఎత్తుకున్నా కాగితం మారదు. అమెరికాలో నాష్‌విల్ స్టూడియో వాద్యకారులు 1950ల చివరినుంచి ఇలాగే నంబర్లు రాసుకుని వాయిస్తున్నారు. ఆ పద్ధతిని మొదలుపెట్టిన నీల్ మాథ్యూస్ జూనియర్ జోర్డనేర్స్ అనే గాస్పెల్ బృందంలో పాడిన మనిషి. రికార్డింగ్‌లో గాయకుడు ఉన్నట్టుండి శ్రుతి మార్చమంటే మళ్లీ కాగితాలు రాసుకునే తీరిక ఉండదు కదా. మీకు ఆదివారం ఎదురయ్యే అవసరం కూడా అదే. సైట్‌లో ఈ సంగతి ‘డయాటోనిక్ ట్రయాడ్స్’, ‘రోమన్ న్యూమరల్ అనాలిసిస్’ పాఠాల్లో ఉంటుంది. అక్కడ నంబర్లు రోమన్ అంకెల్లో కనిపిస్తాయి. పెద్ద అక్షరాలు మేజర్‌కి, చిన్నవి మైనర్‌కి.

నిద్రలో లేపినా వాయించగల పాట ఒక్కటి తీసుకోండి. నంబర్లు రాయండి. సోమవారం సి లో, మంగళవారం జి లో, బుధవారం ఎఫ్ లో, గురువారం డి లో వాయించండి. మొదట్లో నెమ్మదిగా, తడుముకుంటూ వస్తుంది. అలాగే రానివ్వండి. కొత్త పాటల మీదికి పోకండి. పాట తెలిసిందే కాబట్టి తప్పు పడగానే మీ చెవే చెబుతుంది. ఏ యాప్‌ కంటే నమ్మకమైన పరీక్ష అది. ఇక ఒకటిన్నర, ఐదున్నర లాంటి శ్రుతులు ఇప్పుడే పెట్టుకోకండి. సి షార్ప్ మీద నల్ల మెట్లు అయిదూ పడతాయి. కొన్నాళ్లపాటు సి లో వాయిస్తూ ట్రాన్స్‌పోజ్ ఒకటి పెంచుకుంటే తప్పేమీ లేదు.

మైనర్ పాటలు మీరు ఎ మైనర్‌లో వాయిస్తూ ఉంటారు అనుకుంటాను. అవి అవే తెల్ల మెట్లు, కాకపోతే ఎ ని స చేసుకున్నారు. శంకరాభరణంలో ధైవతాన్ని స చేస్తే నఠభైరవి వస్తుందని కర్ణాటక సంగీతంలో గ్రహభేదం కింద చెబుతారు. రెండూ ఒకే మాట. కానీ ఆ పాటల్లో చివరికి వచ్చేసరికి ఇ మైనర్ వేస్తే తేలిపోయినట్టు ఉండి, ఇ మేజర్ వేస్తే సరిగ్గా వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. మీకు అనుభవమే అయి ఉంటుంది. ఇ మేజర్‌లో జి షార్ప్ ఉంది. ఎ ని స అనుకుంటే అది కాకలి నిషాదం, పై స ను ఆనుకుని ఉండి దాని వైపు లాగుతుంది. ఎ మైనర్ స్వరాల్లో జి ని జి షార్ప్ చేస్తే అది హార్మోనిక్ మైనర్. మన కీరవాణి స్వరాలు అవే.

రాగాల మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చర్చి కీబోర్డు వాళ్లకు ఇది ఎవరూ చెప్పరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మీ చర్చిలో ఉంటే తీసి చూడండి. చాలా కీర్తనల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. మీరు ఇన్నాళ్లూ ఆ లైను దాటేసి సాహిత్యం దగ్గరికి వెళ్లిపోయి ఉంటారు. ఇకనుంచి అక్కడ ఆగండి. శంకరాభరణం అని ఉంటే మీ 1, 4, 5 హాయిగా పడతాయి. మాయామాళవగౌళ అని ఉంటే జాగ్రత్త. సి నుంచి ఆ స్వరాలు సి, డి ఫ్లాట్, ఇ, ఎఫ్, జి, ఎ ఫ్లాట్, బి. అలవాటుగా మీరు జి కార్డ్ నొక్కుతారు. జి కార్డ్‌లో డి ఉంది. రాగంలో ఉన్నది డి ఫ్లాట్. పాడేవాళ్లు శుద్ధ రి, అంటే ఆ డి ఫ్లాట్ దగ్గర నిలబడితే మీ డి దానితో గొడవ పడుతుంది. ‘ఈ పాటకి కార్డ్స్ కుదరట్లేదు’ అని మనవాళ్లు అనేది ఇలాంటి చోటే. ఆ రాగంలో ఉన్న స్వరాలతోనే కట్టండి. సి మేజర్ ఉంది, ఎఫ్ మైనర్ ఉంది, డి ఫ్లాట్ మేజర్ ఉంది. ఇవి వేసి చూడండి. అప్పటికీ పాట గమకాల మీద, అంటే స్వరాలను ఊపుతూ పాడటం మీద నడుస్తుంటే కార్డ్స్ మానేసి స, ప రెండే పట్టుకోండి. ఎక్కువ వాయించకపోవడం వల్ల ఆ కీర్తనలు పాడవవు, ఎక్కువ వాయిస్తేనే పాడవుతాయి.

మోహన రాగం పాటలకు కూడా ఇలాగే ఆలోచించండి. సి నుంచి అందులో ఉన్నవి సి, డి, ఇ, జి, ఎ మాత్రమే. సి మేజర్, ఎ మైనర్ పూర్తిగా లోపల ఉంటాయి. ఎఫ్, జి కార్డ్స్ వేస్తే రాగంలో లేని స్వరాలు వస్తాయి. వేయకూడదని కాదు, ఏం కలుపుతున్నారో తెలిసి కలపండి.

చెవి సాధనకు పైన చెప్పిన తంబురా యాప్. మీ గొంతుకు వీలైన శ్రుతి పెట్టుకుని స పట్టుకోండి. తర్వాత ప. ఈ రెండూ నిలకడగా వచ్చాక మ, ఆ తర్వాత అంతర గ (సి ని స అనుకుంటే ఇ). ఎప్పుడూ ముందు నోటితో పాడి, తర్వాతే మెట్టు నొక్కి సరిచూసుకోండి. మెట్టు ముందు నొక్కితే చెవికి పని ఉండదు. కొన్ని వారాలు అయ్యాక అదే సైట్‌లో ‘ఇంటర్వెల్ ఇయర్ ట్రైనింగ్’ తెరిచి, సెట్టింగ్స్‌లో పర్ఫెక్ట్ ఫోర్త్, పర్ఫెక్ట్ ఫిఫ్త్ రెండే ఉంచండి. అంటే స-మ, స-ప. అవి గుర్తుపట్టడం అలవాటైతే మేజర్ థర్డ్ (నాలుగు దూరాలు), మైనర్ థర్డ్ (మూడు దూరాలు) కలపండి. పన్నెండూ ఒకేసారి పెట్టుకున్నవాళ్లు రెండు రోజుల్లో విసుగొచ్చి మానేస్తారు. ఇలాంటిదే టియోరియా డాట్ కామ్ అని ఇంకో సైట్ ఉంది. దాంట్లో చెవి అభ్యాసాలు ఇంకా రకరకాలుగా ఉంటాయి. మొదటిది చాలనిపించనప్పుడు అటు వెళ్లండి, ఇప్పుడు కాదు.

తాళం గురించి ఎక్కువ చెప్పను, వాయిస్తూ ఉన్న మనిషికి అది చాలావరకు వచ్చే ఉంటుంది. ఒక్క తేడా మాత్రం పట్టుకోండి. కీబోర్డు స్టైల్స్‌లో 3/4, 6/8 రెండూ ఉంటాయి. ఒకదాని బదులు ఒకటి పెట్టేస్తుంటారు. 3/4 లో మూడు దెబ్బలకు ఒక ఊపు. 6/8 లో ఒకటి-రెండు-మూడు, నాలుగు-అయిదు-ఆరు అని ఆరుకు రెండు ఊపులు. జనం పాడుతూ చప్పట్లు కొట్టేది ఒకటి మీదా నాలుగు మీదా అయితే అది 6/8. ఆదితాళం అని పుస్తకంలో ఉంటే ఆవర్తనానికి 8 అక్షరాలు, 4/4 లో రెండు బార్లు. మెట్రోనోమ్ 60 మీద పెట్టి చప్పట్లతో మొదలుపెట్టండి, కీబోర్డు తర్వాత.

సండే స్కూల్ పిల్లలు మీ చుట్టూ చేరుతుంటే వాళ్లకు క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లో సాంగ్ మేకర్ చూపించండి. గూగుల్ వాళ్లది, ఉచితం. గళ్లు నింపితే పాట మోగుతుంది. సెట్టింగ్స్‌లో పెంటాటోనిక్ (అయిదు స్వరాల స్కేల్) పెడితే పిల్లలు ఎక్కడ నొక్కినా వినసొంపుగానే ఉంటుంది. మీకు కూడా ఒక ఉపయోగం ఉంది. దూరాలు కళ్లకు కనిపిస్తాయి.

స్వరలిపి, అంటే అయిదు గీతల మీద చుక్కలు చదవడం. పాఠాలన్నీ దాంతోనే మొదలవుతాయి. నేను దాన్ని మీకు చివర పెడుతున్నాను. మీ చేతికి ఇప్పుడు ఆకలి దాని మీద లేదు. రెండో నెల చివర్లో రోజుకు అయిదు నిమిషాల లెక్కన ‘నోట్ ఐడెంటిఫికేషన్’ అభ్యాసం చేయండి, ట్రెబుల్ క్లెఫ్ (సాధారణంగా కుడిచేతి స్వరాలు రాసే గీతలు) మాత్రమే. కీ సిగ్నేచర్ పాఠాల్లో గీతల మీద షార్ప్‌లు కనిపించినప్పుడు భయపడకుండా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటే అప్పటికి చాలు.

ఎవరి దగ్గరైనా ల్యాప్‌టాప్ దొరికితే మ్యూజ్‌స్కోర్ వేసుకోండి. స్వరలిపి రాసుకునే సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఉచితం. ఇక్కడ ఒక జాగ్రత్త. సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతుంది. డాట్ కామ్ అని ఉన్నది వేరే, అది పాటల నోట్స్ పంచుకునే చోటు. అక్కడ చందా కట్టమని అడుగుతారు. అది చూసి సాఫ్ట్‌వేర్‌కే డబ్బు కట్టాలనుకుని వెనక్కి వచ్చేసినవాళ్లు ఉన్నారు. పాత ల్యాప్‌టాప్ మీద 4వ వెర్షన్ బరువుగా నడిస్తే 3వది వేసుకోండి. మీకు తెలిసిన పాట పల్లవి ఎనిమిది బార్లు దాంట్లో రాసి మోగించండి. మీరు పాడేదీ అది మోగించేదీ ఎక్కడ కలవలేదో వింటే, ఏ స్వరానికి ఎంత నిడివి ఇవ్వాలో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఇవన్నీ చేయలేనిది ఒకటి ఉంది. మీరు వాయించేది ఇవి వినవు. మీ ఎడమచెయ్యి వెనకబడుతోందని, కార్డ్ మార్చే ముందు లయ తప్పుతున్నారని చెప్పవు. అందుకని వారానికి ఒకసారి ఫోన్లో రికార్డు చేసుకుని మర్నాడు వినండి. అప్పటికప్పుడు వింటే తప్పులు వినపడవు. ఊళ్లో హార్మోనియం వాయించే పెద్దవాళ్లు, భజన బృందంలో వాళ్లు, ఎవరైనా ఉంటే ఒకసారి ముందు కూర్చుని వాయించి చూపించండి. ఏ మతం పాటైనా శ్రుతి శ్రుతే. ఇక గమకాలు, రాగ సంచారం నేర్చుకోవాలని ఎప్పుడైనా అనిపిస్తే వాటికి గురువు ఎదురుగా ఉండాల్సిందే. దాన్ని ఏ వెబ్‌సైటూ భర్తీ చేయదు.

ఎన్నాళ్లు అంటే, రోజూ ఇరవై నిమిషాల లెక్కన మూడు నాలుగు నెలల్లో సి, జి, ఎఫ్, డి లలో మీ పాటలు నంబర్లతో వాయించేస్తారు. అందులో పది నిమిషాలు కీబోర్డు మీద, అయిదు సైట్ అభ్యాసం, అయిదు తంబురాతో గొంతు. కొట్లో సీజన్ పని ఎక్కువై తీరిక లేని రోజుల్లో తంబురా అయిదు నిమిషాలైనా వదలొద్దు. ఆదివారం రెండు గంటలు కూర్చుని వారమంతా వదిలేసే పద్ధతి మాత్రం దీనికి పనికిరాదు. గ్రేడ్ పరీక్షల గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు మీకు చెబుతారు. ట్రినిటీ, ఎబిఆర్‌ఎస్‌ఎం పరీక్షలు మన దేశంలోనూ జరుగుతాయి, ఫీజు ఉంటుంది. ఇప్పుడు వాటి జోలికి వెళ్లక్కర్లేదు. వాళ్ల సిలబస్ మాత్రం వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. నాలుగు నెలల తర్వాత గ్రేడ్ 1, 2 థియరీ సిలబస్ తీసి చూసుకోండి. మీకు వచ్చినవి ఎన్నో టిక్ పెట్టుకోవచ్చు.

మీ 61 కీల కీబోర్డు బంగారంలా సరిపోతుంది. అయిదు స్థాయిలు ఉన్నాయి, ఈ పాఠాల్లో ఏదీ అంతకు మించి అడగదు. కొత్తది కొనమని ఎవరు చెప్పినా ఈ ఏడాది కొనొద్దు. చేతిలో కొంచెం డబ్బు ఉంటే ఒక హెడ్‌ఫోన్ తీసుకోండి. కీబోర్డు వెనక పెద్ద రంధ్రం ఉంటే దానికి సరిపడే పిన్ కన్వర్టర్ కూడా అడిగి తెచ్చుకోండి. కొట్టు కట్టేసి వచ్చాక, ఇంట్లో వాళ్లు పడుకున్నా మీ ఇరవై నిమిషాలు ఆగవు.